పాట వినేందుకు పోదాం రండి

(అక్షర కేంద్రంలో చేసిన ప్రసంగం)



నవంబరు నెల వస్తున్నది. ప్రతి ఏడూ నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. గ్రంథాలయంలో పుస్తకాలు వరసగా పేర్చి అందరికీ చూపిస్తారు. పిల్లలకు పోటీలు పెడతారు. పెద్దలు ఉపన్యాసాలు చెపుతారు. ఈసారి మన గ్రంథాలయంలో ఒక సాయంత్రం సంగీత కచేరీ కూడా పెట్టుకున్నారు. ఒకరు పాడతారు. ఒకరు ఫిడేలు వాయిస్తారు. ఒకరు మృదంగం వాయిస్తారు. వాళ్లు డబ్బు తీసుకోవడం లేదు. వినేవాళ్లు డబ్బు ఇవ్వనక్కర లేదు.

ఈ సంగతి మొన్న రాత్రి ఇక్కడ చెప్పాను. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత మూడు మాటలు వినిపించాయి.

ఒక అక్క అన్నది: "ఊరికే అంటే నమ్మబాకండి మే. ముందు రమ్మంటారు, తర్వాత చందా రాయమంటారు."

ఇంకో అక్క అన్నది: "అది పెద్దోళ్ల సంగీతం. మనకేం అర్థమవుద్ది? నాట్లేసి వచ్చి నిద్దర ఆపుకుంటా కూర్చోవాలా?"

మూడో అక్క నెమ్మదిగా అన్నది: "నేను మొగుడు పోయినదాన్ని. కచేరీకి పోయి ముందు కూర్చుంటే ఊరు ఏమంటదో మీకు తెలవదు టీచరమ్మా."

మూడూ నిజమైన మాటలే. అందుకే ఈ రోజు పాఠం పక్కన పెట్టి ఈ మూడు మాటలకు జవాబు వెతుకుదాం.

ఊరికే వచ్చినది కాదు

మీ ఇంటి పన్ను రసీదు ఎక్కడ ఉంది? దూలం సందులోనో, ట్రంకు పెట్టెలోనో ఉంటుంది. రేపు తీసి చదవండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. ఇంటి పన్నుతో పాటు కట్టేవాటిలో గ్రంథాలయ పన్ను కూడా ఒకటి.

మన రాష్ట్రంలో గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయానికి పోవాలి. లెక్క కడదాం. ఇంటి పన్ను 100 రూపాయలైతే గ్రంథాలయానికి 8 రూపాయలు. ఇంటి పన్ను 500 రూపాయలైతే గ్రంథాలయానికి 40 రూపాయలు. పూరింట్లో ఉన్నవాళ్లదైనా, మిద్దెలో ఉన్నవాళ్లదైనా లెక్క ఒకటే.

అంటే గ్రంథాలయంలో ఉన్న బల్ల, కుర్చీ, పుస్తకం, ఫ్యాను, అన్నిటిలోనూ మన పైసలు ఉన్నాయి. అక్కడ కూర్చుని పత్రిక చదివితే ఎవరూ డబ్బు అడగరు. పాట వింటే కూడా అడగరు. అది ఎవరో మనకు పెట్టే దానం కాదు. మనం కట్టిన దానికి మనకు వచ్చే ప్రతిఫలం.

ఈ గ్రంథాలయాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. తెల్లదొరల కాలంలో ఊరివాళ్లే గింజ గింజ కూడబెట్టి కట్టుకున్నారు. 1914లో బెజవాడలో గ్రంథాలయాల వాళ్లంతా సభ చేసి ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి నడుం కట్టినవారు అయ్యంకి వెంకటరమణయ్య గారు. మన సముద్రం ఒడ్డు వెంట ఉత్తరానికి పోతే చీరాల దగ్గర వేటపాలెం ఉంది. అక్కడ 1918లో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం పెట్టారు. 1929లో గాంధీ గారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. అది ఈనాటికీ ఉంది. 1935లో పాతూరి నాగభూషణం గారు, ఆయన తోటివాళ్లు పుస్తకాలను పడవలో పెట్టి కాలవ వెంట ఊరూరికీ తీసుకుపోయారు. పడవ ఆగితే జనం ఒడ్డుకు వచ్చి పుస్తకం తీసుకునేవాళ్లు. చేపల పడవ, ఇసుక పడవ మనకు తెలుసు. పుస్తకాల పడవ కూడా ఉండేదని తెలుసుకోండి.

అంత కష్టపడి పెట్టిన గ్రంథాలయంలో మన ఊళ్లో ఎవరు కూర్చుంటున్నారు? పొద్దున పూట పేపరు కోసం వచ్చే మగవాళ్లు. సాయంత్రం పరీక్షలకు చదువుకునే పిల్లలు. మనం దాని ముందు నుంచే కూలికి పోతాం, దాని ముందు నుంచే వస్తాం. గుమ్మం లోపల అడుగు పెట్టినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

పెద్దోళ్ల సంగీతమా?

మీలో జోల పాడని తల్లి ఉందా? జోలలకు నీలాంబరి అనే రాగం ఎప్పటినుంచో వాడుక. పాములవాడు బూర ఊదితే పిల్లలు పరుగెత్తుతారు. ఆ బూరలో పలికేది పున్నాగవరాళి. గుళ్లో చివర మంగళం పాడితే అది మధ్యమావతి కావచ్చు. పేర్లు మీకు తెలియవు. చెవికి మాత్రం తెలుసు. ఊళ్లో మనిషిని పేరు తెలియకపోయినా ముఖం చూసి గుర్తుపట్టినట్టే ఇది.

పట్టపుపాలెంలో అలివి వల లాగేటప్పుడు చూడండి. తాడుకు ఇరవై మంది, ముప్పై మంది ఉంటారు. ఒక్కొక్కరు ఒక్కోసారి లాగితే వల కదలదు. ఒకరు పాట అందుకుంటారు. మిగిలినవాళ్లు బదులు పలుకుతారు. ఆ పలుకుతోనే అందరి చేతులూ ఒక్కసారి లాగుతాయి. దాన్నే తాళం అంటారు. కచేరీలో మృదంగం చేసే పని కూడా అదే. అందరినీ ఒక్క లెక్కలో ఉంచుతుంది.

ఇక హరికథ. శ్రీరామనవమి పందిట్లో తెల్లవార్లూ హరికథ విన్నవాళ్లు ఇక్కడ ఎంతమంది లేరు! హరిదాసు చిడతలు వేస్తూ పాడేది కూడా రాగమే, తాళమే. హరికథకు పెద్ద పేరు తెచ్చినవారు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆయన 1864లో పుట్టి 1945లో పోయారు. విజయనగరం వారు. మన నెల్లూరులో ఎస్.పి. సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. సినిమా పాటల బాలసుబ్రహ్మణ్యం గారికి ఆయనే తండ్రి. కాబట్టి శాస్త్రీయ సంగీతం మనం విననిది కాదు. అది శాస్త్రీయ సంగీతం అని మనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఈ కచేరీలో ఎక్కువ పాడేది త్యాగరాజు గారి కీర్తనలు. ఆయన 1767లో పుట్టారు. తమిళనాట కావేరి ఒడ్డున తిరువయ్యారులో బతికారు. 1847 జనవరి 6న పోయారు. తమిళనాట ఉన్నా పాటలు ఎక్కువగా తెలుగులోనే కట్టారు. రాజు దగ్గర చేరలేదు. భుజాన తంబుర వేసుకుని వీధుల్లో పాడుతూ పోతే ఇల్లాళ్లు గుప్పెడు బియ్యం వేసేవాళ్లు. ఆ బియ్యమే వండుకున్నారు. మరి ఆ పాటను మొదట విన్నది ఎవరు? గుమ్మంలో చేట పట్టుకుని నిలబడిన ఆడవాళ్లు. ఇప్పుడు చెప్పండి, అది పెద్దోళ్ల సంగీతమా?

ఎక్కడివో వాయిద్యాలు

కచేరీలో ఫిడేలు చూస్తారు. అది మన దేశపు వాయిద్యం కాదు. రెండు వందల ఏళ్ల కిందట తెల్లవాళ్ల దగ్గర చూసి మనవాళ్లు నేర్చుకున్నారు. దాని తీగ మీద వేలు జారుతుంది. పాడేవాళ్ల గొంతు ఎట్లా ఊగుతుందో ఆ వేలు కూడా అట్లా ఊగుతుంది. అందుకే అది మన పాటకు సరిపోయింది.

ఫిడేలులో తెలుగువాళ్ల పేరు దేశమంతా నిలిపినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. 1893లో పుట్టారు. చిన్నప్పుడే చూపు సరిగా లేదు. నల్లబల్ల మీద అక్షరాలు కనపడేవి కావు. బడి చదువు ఆగిపోయింది. అయినా ఇంట్లో అన్న దగ్గర ఫిడేలు నేర్చుకున్నారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఉపాధ్యాయుడయ్యారు. అప్పుడు ఆయనకు 26 ఏళ్లు. 1936లో ఆ కళాశాలకే పెద్ద అయ్యారు. బడి ఆగిపోయినవాళ్లం మనం చాలామందిమి ఇక్కడ ఉన్నాం. ఆయన సంగతి గుర్తు పెట్టుకోండి.

పాత సినిమాల్లో హీరో ఒక పెద్ద నల్ల పెట్టె ముందు కూర్చుని పాట పాడుతుంటాడు. దాని పేరు పియానో. నాటకాల్లో హార్మోనియం మీరు చూశారు. పియానోకు కూడా అట్లాంటి మెట్లే ఉంటాయి. తెల్లవి 52, నల్లవి 36, మొత్తం 88. హార్మోనియంలో గాలి తగిలి ఇత్తడి రేకులు పలుకుతాయి. పియానోలో గాలి లేదు. మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి లేచి తీగను కొడుతుంది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. ఇటలీ దేశంలో క్రిస్టోఫోరి అనే ఆయన 1700 ప్రాంతంలో దాన్ని తయారుచేశాడు.

అమెరికాలో న్యూయార్కు నగరంలో సంగీతానికీ నాటకానికీ వేరే గ్రంథాలయమే ఉంది. అందులో పియానో కచేరీలు, పాట కచేరీలు జనానికి ఉచితంగా పెడుతుంటారు. ఎవరైనా పోయి కూర్చోవచ్చు. పుస్తకం ఉన్న చోట పాట కూడా ఉండాలని వాళ్లు అనుకున్నారు. మన గ్రంథాలయంలో పియానో లేదు. లేకపోతే ఏం? గొంతు ఉంది, ఫిడేలు ఉంది, మృదంగం ఉంది.

పాటలో ఏం వినాలి?

మొదట పాడేవాళ్లు మాటలు లేకుండా రాగం తీస్తారు. ముగ్గు పెట్టే ముందు చుక్కలు పెట్టినట్టు అనుకోండి. తర్వాత కీర్తన మొదలవుతుంది. మొదటి ముక్క పల్లవి. రెండోది అనుపల్లవి. ఆ తర్వాత చరణం. పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ కొంచెం మారి వస్తుంది. ఆ మార్పు పట్టుకోవడమే వినడం.

తాళం మీరు కూడా వేయవచ్చు. ఎక్కువ పాటలకు ఆది తాళం. దాని లెక్క 8. తొడ మీద అరచెయ్యితో ఒక దెబ్బ. తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు వరసగా. నాలుగు అయినాయి. తర్వాత ఒక దెబ్బ, చెయ్యి తిప్పడం. మళ్లీ ఒక దెబ్బ, చెయ్యి తిప్పడం. ఎనిమిది. ఏదీ, అందరం ఒకసారి వేద్దాం... బాగుంది. ఇంకోసారి... చూశారా, వచ్చేసింది!

కొంతసేపు పాట ఆగుతుంది. మృదంగం ఒక్కటే మోగుతుంది. అప్పుడు కచేరీ అయిపోయిందని లేవబాకండి. దానికోసమే కాచుకుని ఉండేవాళ్లు ఉంటారు.

మూడో మాటకు జవాబు

ఇక మూడో అక్క మాట. ఊరు ఏమంటది? ఈ మాటకు నేను జవాబు చెప్పలేను. ఒక పెద్దావిడ చెప్పింది. ఆమె పేరు బెంగుళూరు నాగరత్నమ్మ.

ఆమె 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టింది. దేవదాసీల ఇంట పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి. తండ్రి అండ లేదు. తల్లి చాలా కష్టపడి బిడ్డకు సంగీతం, నాట్యం నేర్పించింది. సంస్కృతం, కన్నడం, తెలుగు చదివించింది. నాగరత్నమ్మ చిన్న వయసులోనే ఆ తల్లి కూడా పోయింది. తర్వాత ఆమె మద్రాసు చేరింది. పాటతో పేరు, డబ్బు సంపాదించింది.

ఆమెకు చదువంటే ప్రాణం. పూర్వం తంజావూరులో ముద్దుపళని అనే ఆమె తెలుగులో ఒక కావ్యం రాసింది. దాని పేరు రాధికా సాంత్వనము. అచ్చు వేసినవాళ్లు అందులో కొన్ని పద్యాలు తీసేశారు. నాగరత్నమ్మ పాత ప్రతి సంపాదించి, ఏదీ తీయకుండా 1910లో వావిళ్ల వారి చేత అచ్చు వేయించింది. ఆడది ఇట్లాంటివి రాయవచ్చునా, ఆడది అచ్చు వేయించవచ్చునా అని పెద్ద గొడవ అయింది. 1911లో దొరల ప్రభుత్వం ఆ పుస్తకాలను పట్టుకుపోయింది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులు గారు పూనుకుంటేగాని ఆ నిషేధం పోలేదు.

1921లో ఆమెకు గురువు బిడారం కృష్ణప్ప గారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. తిరువయ్యారులో త్యాగరాజు గారి సమాధి పాడుపడి ఉంది, ముళ్లచెట్లు మొలిచాయి అని. ఆ పాటలు పాడి బతికినవాళ్లు దేశంలో ఎందరో ఉన్నారు. కదిలింది మాత్రం ఈమె. అక్కడికి పోయింది. స్థలం కొన్నది. తన నగలు, తన ఆస్తి ఖర్చుపెట్టింది. సమాధి మీద గుడి కట్టించింది.

ఇప్పుడు వినండి. అక్కడ ఏటా త్యాగరాజు గారి ఆరాధన జరుగుతుంది. మగవాళ్లు రెండు జట్లుగా ఉండి చేసేవాళ్లు. ఆ రెండు జట్లలో ఏ జట్టూ ఆడవాళ్లను పాడనిచ్చేది కాదు. అంటే గుడి కట్టించిన మనిషికే ఆ గుడి ముందు పాడే హక్కు లేదు!

నాగరత్నమ్మ ఏం చేసింది? ఏడ్చి ఇంటికి రాలేదు. ఒక్కతే పోయి దెబ్బలాడలేదు. 1927లో ఆడవాళ్లను కూడగట్టింది. గుడి వెనక వైపు చోటు చూసుకుని అందరూ కలిసి పాడటం మొదలుపెట్టారు. జనం దాన్ని ఆడవాళ్ల జట్టు అన్నారు. ఒక ఏడు కాదు, రెండేళ్లు కాదు, ఏటా పాడారు. 1940 ప్రాంతానికి జట్లన్నీ కలిసిపోయాయి. ఆడ, మగ అందరూ ఒక్కచోట పాడసాగారు. ఇప్పుడు పుష్య బహుళ పంచమి నాడు అక్కడ వందలమంది కూర్చుని ఐదు పెద్ద కీర్తనలు కలిసి పాడతారు. అందులో ఒకటి సంస్కృతం, నాలుగు తెలుగు. ఎవరైనా పోయి వినవచ్చు.

నాగరత్నమ్మ 1952 మే 19న పోయింది. త్యాగరాజు గారి సమాధి దగ్గరే ఆమెకు కూడా సమాధి ఉంది. ఆమె విగ్రహం ఆ గుడి వైపే చూస్తూ కూర్చుని ఉంటుంది.

ఆమెకు మొగుడు లేడు, తండ్రి లేడు, మంచి కులం కాదన్నారు. ఊరు ఆమెను అనని మాట లేదు. ఆ మాటలు ఈ రోజు ఎవరికీ గుర్తు లేవు. గుడి ఉంది. పాట ఉంది.

అంత దూరం ఎందుకు? మన జిల్లా సంగతే తీసుకోండి. 1992 నాటి సంగతి. అప్పటికి నేను పుట్టలేదు, మీలో పెద్దవాళ్లకు తెలుసు. దూబగుంటలో ఆడవాళ్లు రాత్రిబడిలో చదువుకుని సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. "ఆడది సారాకొట్టు కాడికి పోతదా" అని అప్పుడు కూడా ఊరు అన్నది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారాకొట్టు ముందు కూర్చోగలిగిన ఆడవాళ్లు పాట ముందు కూర్చోలేరా?

ఏం చేద్దాం?

నేను నాలుగు మాటలు అనుకున్నాను. మీరు సరే అంటే అట్లా చేద్దాం.

ఒకటి. ఒక్కొక్కరుగా పోవద్దు. అందరం ఇక్కడ కలిసి ఒక గుంపుగా పోదాం. మొగుడు పోయిన అక్కలు వెనక కాదు, మన నడుమ కూర్చుంటారు. ఎవరైనా ఒక మాట అంటే అది అందరినీ అన్నట్టే.

రెండు. ఇది నాట్ల కాలం, వానల కాలం. కచేరీ రాత్రి పొద్దుపోయి పెడితే మనకు కుదరదు. సాయంత్రం పెందరాళే మొదలుపెట్టి ఏడున్నరకు ముగించమని గ్రంథాలయం వారికి అర్జీ ఇద్దాం. అర్జీ నేను రాయను. మీరే రాయండి. కింద పదిహేను సంతకాలు ఉండాలి, వేలిముద్ర ఒక్కటి కూడా ఉండకూడదు.

మూడు. చంటిపిల్లలను తీసుకుపోదాం. ఏడిస్తే కాసేపు బయటకు తెచ్చి మళ్లీ లోపలకు పోదాం. పిల్ల ఏడ్చిందని తల్లి ఇంటికి పోనక్కర లేదు.

నాలుగు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. కచేరీ అయిపోగానే లేచి రాబాకండి. బీరువాల దగ్గరికి పోండి. పుస్తకం ఒకటి తీయండి. పేరు చదవండి. సభ్యత్వం ఎట్లా తీసుకోవాలో, ఇంటికి పుస్తకం తెచ్చుకోవాలంటే ఎంత కట్టాలో మీ నోటితో అడగండి. పాట ఒక సాయంత్రం ఉంటుంది. పుస్తకాలు ఏడాది పొడుగునా ఉంటాయి. నేర్చిన అక్షరం వాడకపోతే తుప్పు పడుతుంది. కొడవలి సంగతి మీకు చెప్పాలా?

ఆ సాయంత్రం పాట నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. విన్నవాళ్లకే ఆ మాట అనే హక్కు ఉంటుంది. గుమ్మం బయట నిలబడినవాళ్లకు ఉండదు.

చదివి మాట్లాడుకోండి

1. మీ ఇంటి పన్ను ఎంత? అందులో గ్రంథాలయ పన్ను ఎంత అవుతుంది? లెక్క కట్టి పలక మీద రాయండి.

2. గుడి కట్టించినా నాగరత్నమ్మను అక్కడ ఎందుకు పాడనివ్వలేదు? ఆమె ఏం చేసింది?

3. మీ ఊళ్లో ఆడవాళ్లు పోకూడదని అనుకునే చోట్లు ఏవి? అట్లా అని ఎవరు చెప్పారు?

4. మీకు వచ్చిన జోలపాట ఒకటి గుంపులో పాడండి. ఆది తాళం వేసి చూడండి.

5. కచేరీ వేళ మార్చమని గ్రంథాలయం వారికి ఐదు వాక్యాల్లో అర్జీ రాయండి.